రెండు ఆసులు చేతికొస్తే... పారేస్తారా?

తెర మీద హీరో పేకాట బల్ల ముందు కూర్చున్నాడంటే మనకు ముందే తెలిసిపోతుంది, వీడు ముక్కలు పారేసే రకం కాదు! ఎదుట విలన్, పక్కన పొగ, మధ్యలో నోట్ల గుట్ట... అలాంటప్పుడు హీరోగారు ముక్కలు బోర్లా పెట్టేసి "నాకొద్దు బాబూ, మీరాడుకోండి" అని లేచిపోతే? బాల్కనీ వాళ్ల సంగతేమో గానీ నేల టిక్కెట్టు వాళ్లు ఊరుకుంటారా!

కానీ ఒక చిత్రం గమనించారా? పేకాట మీద వచ్చిన మంచి సినిమాలన్నీ ముక్కలు బాగా పడ్డవాడు ఎలా మునిగాడో చెప్పే కథలే. చెత్త ముక్కలు పడ్డవాడికి కథేముంది? పారేస్తాడు, టీ తాగుతాడు. ఇబ్బందంతా మంచి ముక్కలు పడ్డవాడిదే.

1965లో నార్మన్ జ్యూయిసన్ తీసిన 'ది సిన్సినాటి కిడ్' చూడండి. స్టీవ్ మెక్వీన్ చేతిలో మూడు ఆసులు, రెండు పదులు. 'ఫుల్ హౌస్' అంటారు దాన్ని. పోకరులో అలాంటి చేయి పడితే ఇంట్లో పండగే. ఎదుట ఎడ్వర్డ్ జి. రాబిన్సన్ అనే ముసలి పులి. ఆయన ముక్కల్లో నాలుగు పైకే కనిపిస్తున్నాయి, అన్నీ డైమన్లు: ఎనిమిది, తొమ్మిది, పది, రాణి. మూసి ఉన్న ఐదో ముక్క జాకీ అయితే తప్ప మెక్వీన్ ఓడడు. ఆ ముక్క డైమను జాకీయే! మెక్వీన్ ముఖం చూడ్డానికైనా ఆ సినిమా చూడాలి.

1998లో వచ్చిన 'రౌండర్స్' అయితే ఇలాంటి దెబ్బతోనే మొదలవుతుంది. మాట్ డేమన్‌కు మొదట వచ్చిన రెండు ముక్కలు ఆసు, తొమ్మిది. బల్ల మీద కూడా ఆసులూ తొమ్మిదులే తెరుచుకున్నాయి. కుర్రాడికి ఫుల్ హౌస్ కుదిరింది. ఉన్నదంతా, అక్షరాలా ముప్ఫైవేల డాలర్లు, మధ్యలోకి తోశాడు. ఎదుట జాన్ మాల్కోవిచ్ చేతిలో మొదటినుంచీ రెండు ఆసులున్నాయి. ఇంతకన్నా పెద్ద ఫుల్ హౌస్ అతనిది. అంతే, కుర్రాడు మర్నాటినుంచి లారీ తోలుకోవాల్సి వచ్చింది.

మరి జేమ్స్ బాండ్? 2006 నాటి 'కాసినో రాయల్' చివరి పట్టు గుర్తుందా? నలుగురు మిగిలారు. ఒకడికి ఇస్పేటు రాజు, రాణి. ఇంకొకడికి ఎనిమిదుల జత. విలన్ లషీఫ్‌కు ఆసు, ఆరు. మన బాండ్ దొరకు ఇస్పేటు ఐదు, ఏడు! మొదటి రెండు ముక్కలు చూసి బేరం కట్టమంటే నలుగురిలోనూ బాండ్‌దే నాసి చేయి. చివరికి నాలుగు నుంచి ఎనిమిది దాకా వరసగా ఇస్పేట్లు కుదిరి పదకొండున్నర కోట్ల డాలర్ల పట్టు ఆయనకే పోయింది. ఎనిమిదుల జతవాడిని తప్పు పట్టగలమా? లషీఫ్‌ను తప్పు పట్టగలమా? వాళ్ల చేతుల్లో ఉన్నవాటిని పారేసే మనిషి ఈ భూమ్మీద ఎక్కడో గానీ ఉండడు. అయినా మునిగారు.

అసలు ప్రశ్న అదే. మొదట్లోనే బ్రహ్మాండమైన ముక్కలు పడితే, వాటిని పారేయాల్సిన సందర్భం ఒకటుంటుందా?

పోకరు తెలియని వాళ్లకు రెండు మాటలు. ఇప్పుడు ఎక్కువగా ఆడే పద్ధతిలో ఒక్కొక్కరికి రెండు మూసిన ముక్కలు, బల్ల మధ్యలో అందరికీ కలిపి ఐదు తెరిచిన ముక్కలు. ఆ ఏడింటిలో మేలైన ఐదు ఎవరివో వాళ్లది పట్టు. మొదటి రెండూ ఆసులైతే అంతకు మించిన ఆరంభం లేదు. సగటున 221 సార్లు పంచితే ఒక్కసారి వస్తాయవి.

లెక్క చూడండి. చేతిలో రెండు ఆసులు పెట్టుకుని, ఏ ముక్కలున్నాయో తెలియని ఒక్కడితో చివరిదాకా తలపడితే నూటికి 85 సార్లు మీరే గెలుస్తారు. నలుగురు ఎదురుంటే 56కు దిగుతుంది. బల్ల చుట్టూ తొమ్మిది మందీ బరిలోనే ఉంటే 31! అవే ఆసులు, అదే చేయి. ఎదుట మనుషులు పెరిగే కొద్దీ బలం కరిగిపోతుంది. అందుకే ఆట తెలిసినవాడు ఆసులు పడగానే గట్టిగా పందెం పెంచి సగం మందిని అక్కడే సాగనంపుతాడు.

రాజుల జత సంగతి ఇంకో రకం. పది మంది బల్లలో మీకు రెండు రాజులు వస్తే, మిగతా తొమ్మిది మందిలో ఎవడికో ఒకడికి రెండు ఆసులుండే అవకాశం ఇరవై మూడింట ఒక్కటే. ఆ ఒక్కటికి జడిసి రాజుల్ని పారేసుకుంటూ కూర్చుంటే మిగతా ఇరవై రెండుసార్ల లాభం ఎవరిస్తారు? కాబట్టి మామూలు ఆటలో పుస్తకాల మాట ఒకటే: ఆసుల్ని మొదట్లో పారేయకు, రాజుల్ని దాదాపుగా పారేయకు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పెద్ద పోటీలకు చిన్న పోటీలు పెట్టి సీట్లు ఇస్తుంటారు. తొమ్మిది సీట్లున్నాయి, పది మంది మిగిలారు అనుకోండి. ఇంకొక్కడు పోతే చాలు, మిగిలిన తొమ్మిది మందికీ ఒకే బహుమతి. మీ దగ్గర బిళ్లల గుట్ట ఉంది. మూలన ఒకడు రెండు బిళ్లలతో కొట్టుమిట్టాడుతున్నాడు. ఈలోగా మీకన్నా పెద్ద గుట్ట ఉన్నవాడు ఉన్నదంతా ముందుకు తోశాడు. మీరు ముక్కలు చూసుకుంటే రెండు ఆసులు!

పారేయాలి. అవునండీ, ఆసుల్నే! గెలిస్తే మీకు రెండు సీట్లివ్వరు కదా, ఇచ్చేది ఒక్కటే, అది దాదాపు మీ జేబులోనే ఉంది. ఓడితే మాత్రం, నూటికి పదిహేనో ఇరవయ్యోసార్లు ఓడతారు మరి, ఉత్త చేతులతో ఇంటికి. ముక్కలు మారలేదు, బల్ల మారలేదు. గెలుపు తెచ్చేదెంత, ఓటమి తీసుకుపోయేదెంత అన్న లెక్క మారింది.

ఇదంతా దొరల ఆట, మనకెందుకు అంటారా? సికిందరాబాదు నుంచి రాజీవ్ రహదారి పట్టుకుని శామీర్‌పేట చెరువు దాటి రండి. తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ వైపు పోయే బస్సులన్నీ ఆ దారినే వెళతాయి. దాటగానే వచ్చే ఊరు అలియాబాద్. మా చుట్టాల ఇల్లు ఆ ఊళ్లో ఉంది. ఆదివారం వెళ్లానంటే మధ్యాహ్నం భోజనాల తర్వాత మామిడి చెట్టు కింద పదమూడు ముక్కల రమ్మీ ఖాయం. డబ్బు ఉండదు, పాత నోటుపుస్తకంలో పాయింట్లు రాసుకోవడమే. నేను ఆడేవాణ్ణి కాదు, పక్కన కూర్చుని చూసేవాణ్ణి. పేకాటలో నిజమైన వినోదం చూసేవాడిదేనని నా అభిప్రాయం.

అక్కడ ఒక పెద్దాయన ఉన్నాడు. ఊరంతా కాకా అంటారు, నేనూ అంతే. ఆయన ఆటలో నన్ను కట్టిపడేసింది ఆయన ఆడిన ఆటలు కాదు, ఆడకుండా పారేసినవి!

రమ్మీలో మొదట్లోనే పారేయడాన్ని డ్రాప్ అంటారు, కొందరు స్కూట్ అంటారు. నూటొక్క పాయింట్ల ఆటలో ముక్క తీయకముందే డ్రాపైతే ఇరవై పాయింట్లు. మధ్యలో పారేస్తే నలభై. చివరిదాకా ఉండి, చేతిలో ఏమీ కుదరకపోతే ఫుల్ కౌంట్, ఎనభై. నూటొక్కటి చేరినవాడు ఔట్. ఆఖరుదాకా మిగిలినవాడిది ఆట.

ఓ ఆదివారం కాకా చేతికి రెండు జోకర్లొచ్చాయి. వాటితోపాటు రాజుల జత, రాణుల జత, ఒక ఆసు. వెనకనుంచి తొంగి చూసిన మనవడు పిల్లాడు కళ్లు పెద్దవి చేశాడు. కాకా ముక్కలన్నీ దగ్గరికి చేర్చి బోర్లా పెట్టి "డ్రాప్" అన్నాడు.

"గదేంది తాతా! రెండు జోకర్లు పెట్టుకోని పారేస్తవా?"

"జోకర్లు మస్తుగున్నయ్ బిడ్డా. న్యాచురల్ ఏది?"

ఆ ఒక్క మాటలో ఉంది రమ్మీ అంతా. జోకర్ లేకుండా కుదిరిన అసలు వరస, అదే న్యాచురల్, ఒక్కటన్నా లేకపోతే ఎదుటివాడు షో చెప్పిన క్షణాన మీ చేతిలోని ముక్కలన్నీ లెక్కకొస్తాయి. మూడు రాజులు చేర్చిపెట్టుకున్నా సరే, ముప్ఫై పాయింట్లు మీ నెత్తినే. జోకర్ విలువ సున్నా, నిజమే. కానీ దాన్ని చూసి నమ్మకం పెంచుకుని మీరు అట్టిపెట్టుకునే రాజులూ రాణులూ తలా పది! పేకలో అందరికన్నా నవ్వుముఖం జోకర్‌ది. ముంచేదీ వాడే.

కాకా లెక్క కాగితం మీద పెడితే ఇలా ఉంటుంది. డ్రాపైతే ఇరవై ఖాయం. ఆడి ఓడితే, న్యాచురల్ లేని చేతికి సగటున ఓ అరవై పడతాయనుకుందాం. అప్పుడు ఇరవై కంటే తక్కువ నష్టపోవాలంటే మూడింట రెండుసార్లు మీరే గెలవాలి. ఐదుగురున్న ఆటలో మూడింట రెండుసార్లు గెలిచే చేయి ఏ దేవుడిస్తాడు? అదే పంచినప్పుడే న్యాచురల్ ఉందనుకోండి, ఓడినా పాతిక, ముప్ఫైతో బయటపడతారు. ముప్ఫై అయితే మూడింట ఒక్కసారి గెలిచినా చాలు, పాతికయితే ఐదింట ఒక్కసారి. న్యాచురల్ గెలిపిస్తుందని చాలామంది అనుకుంటారు. నన్నడిగితే దాని అసలు పని ఓటమిని చవక చేయడం. ఆడాలా, పారేయాలా అన్నది తేలేది అక్కడే.

ఆ రోజు నోటుపుస్తకంలో పాయింట్లు కూడా చూశాను. ఒకాయన 94, పక్కాయన 88, ఒక కుర్రాడు 70, కాకా 12. ఇప్పుడు చూడండి తమాషా! 94 వాడూ, 88 వాడూ డ్రాప్ అనలేరు. ఇరవై కలిస్తే నూటొక్కటి దాటిపోతుంది. ఎంత చెత్త ముక్కలొచ్చినా ఆడి తీరాల్సిందే. వాళ్లని 'కంపల్సరీ' అంటారు. కుర్రాడికి ఒక్క డ్రాప్ మిగిలింది. కాకాకు నాలుగున్నాయి. నాలుగు డ్రాపులూ వాడుకున్నా 92 దగ్గర బతికే ఉంటాడు. ఒక్క ఫుల్ కౌంట్ పడ్డా అదే 92! నాలుగుసార్లు తప్పుకుని చేరే చోటికి ఒక్కసారి మోజుపడి చేరుకోవచ్చన్న మాట. పైగా ఆయన తప్పుకున్న ప్రతి ఆటలోనూ ఆ ఇద్దరు కంపల్సరీలు కొట్టుకోవాలి, ఇద్దరూ గెలవలేరు. రెండు ఆటలు తిరిగేసరికి ఇద్దరూ పోయారు. కాకా బీడీ ముట్టించుకుని మనవడికి నీళ్లు తెమ్మన్నాడు.

తొమ్మిది సీట్ల పోటీలో ఆసులు పారేసిన పోకరు ఆటగాడూ, అలియాబాద్ కాకా ఒకే బడిలో చదువుకున్నారని నాకనిపించింది. వాళ్లిద్దరికీ ఉన్నది మంచి ముక్కల్ని పారేసే స్తోమత. 94లో ఉన్నవాడికి ఆ స్తోమత లేదు. తెలివి లేక కాదు, పాయింట్లు లేక.

ఇక్కడ నవ్వులాట ఆపి ఒక మాట చెప్పాలి. అప్పు తెచ్చి ఆడేవాడు మొదటి ముక్క తీయకముందే కంపల్సరీ. పోయింది రాబట్టుకోవాలి కాబట్టి పారేయలేడు. పారేయలేడు కాబట్టి ఇంకా పోతుంది. అదే శామీర్‌పేట చుట్టుపక్కల ఫాంహౌసుల్లో పేకాట స్థావరాలు పట్టుబడ్డాయన్న వార్తలు మీరూ చదివే ఉంటారు. సెల్‌ఫోన్ రమ్మీ వచ్చాక ఫాంహౌసు కూడా అక్కర్లేకపోయింది. అందులోనూ డ్రాప్ మీట ఉంటుంది, లేకపోలేదు. కానీ ఆట అయిపోగానే ఇంకో ఆట, ఆలోచించడానికి సెకన్లు, పక్కన "న్యాచురల్ ఏది బిడ్డా" అనే కాకా ఉండడు. జీతాలు, చదువుల ఫీజులు, ఇంట్లో వాళ్ల నగలు అందులో పోసినవాళ్ల కథలు రెండు రాష్ట్రాల్లోనూ వచ్చాయి. ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ ఆటలకు మన తారలు కొందరు ప్రకటనల్లో నవ్వుతూ కనిపించారు. అభిమానంతో ఆడిన కుర్రాడికి ఆ నవ్వు కూడా ఒక జోకరే.

రమ్మీ నైపుణ్యమా, అదృష్టమా అన్న తగవు మన సికిందరాబాదులోనే పెద్దదైంది, తెలుసా? 1963 మేలో అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు కొట్టేసింది, ప్రభుత్వం ఢిల్లీదాకా వెళ్లింది. 1967 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. జస్టిస్ హిదయతుల్లా రాసిన ఆ తీర్పు సారాంశం ఏమిటంటే, మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం. రమ్మీ అలా కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, అది నైపుణ్యమే అని. దేశంలో రమ్మీ గురించి ఎక్కడ వాదన జరిగినా ఈ సికిందరాబాదు కేసు పేరు రావాల్సిందే. అయితే ఆట పేరుతో క్లబ్బువాళ్లు లాభం లాగితే అది వేరే సంగతి అని కూడా ఆ కోర్టే అంది. ఈ రెండో ముక్క చాలామందికి గుర్తుండదు!

తర్వాత కాలం మారింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆన్‌లైన్ పందెపు రమ్మీని చట్టం తెచ్చి నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. నైపుణ్యం ఉందా లేదా అన్న ప్రశ్నే అందులో పక్కకు పోయింది. నాకైతే ఆ ప్రశ్న ఎప్పుడూ సగం ప్రశ్నగానే అనిపించేది. నైపుణ్యం ఉంది సరే, దాన్ని వాడుకునే వెసులుబాటు ఎవడికుంది? 94 పాయింట్ల వాడి నైపుణ్యం ఏం చేసుకోను?

ఇక మన ఇంటి కథకొద్దాం. జూదం అనగానే తెలుగు ప్రేక్షకుడికి శకుని గుర్తొస్తాడు. 'మాయాబజార్'లో సీఎస్ఆర్ ఆంజనేయులు, 'దాన వీర శూర కర్ణ'లో ధూళిపాళ... ఆ పాచికలు గలగలలాడిస్తే హాల్లో పిల్లలు కూడా జడుసుకునేవారు. మొదటి జూదంలో ధర్మరాజు సర్వం ఓడిన సంగతి అందరికీ తెలుసు. కానీ సభాపర్వంలో నన్ను కలవరపెట్టేది రెండో జూదం. ద్రౌపదికి ధృతరాష్ట్రుడు వరాలిచ్చాడు. రాజ్యం, తమ్ముళ్లు, స్వేచ్ఛ అన్నీ తిరిగొచ్చాయి. రథాలు ఇంద్రప్రస్థం వైపు బయల్దేరాయి కూడా. దారిలో మళ్లీ పిలుపు. ఒక్కటే పందెం. ఓడితే పన్నెండేళ్లు అడవి, ఒక ఏడు అజ్ఞాతం.

ఆ క్షణాన ధర్మరాజు చేతిలో రెండు ఆసులున్నాయి. కోరినదంతా వచ్చేసింది. గెలిస్తే దక్కేదేమిటి? శత్రువు అడవికి పోతాడు. ఓడితే పోయేదేమిటి? సర్వం. తొమ్మిది సీట్ల లెక్క ఇదే కదా! అయినా రథం వెనక్కి తిప్పాడు. పెదతండ్రి పిలుపు కాదనలేను అన్నాడు. ముక్కలు చూసి కాదు, మాట పోతుందని కంపల్సరీ అయ్యాడు. పరువు కోసం పారేయలేనివాడూ అప్పు వల్ల పారేయలేనివాడూ ఆ బల్ల దగ్గర పక్కపక్కనే కూర్చుంటారు.

మన దర్శకులు మొదటి జూదాన్ని ఎన్నిసార్లు తీశారో! వస్త్రాపహరణం ఉంది, భీముడి ప్రతిజ్ఞ ఉంది, పద్యాలున్నాయి. రెండోదానికొచ్చేసరికి నాలుగు మాటల్లో తేల్చేసి అడవికి పంపేస్తారు. వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు. పారేయడం తెరకు ఎక్కదు. ఆడి గెలిస్తే ఈల వేస్తాం, ఆడి ఓడితే ఏడుస్తాం. పారేసినవాడు రైటో తప్పో చూపించడానికి కెమెరా దగ్గర ఏముంది? వాడు వదిలేసిన ఆటలో తర్వాత రావాల్సిన ముక్కలు ఎప్పటికీ కట్టలోనే ఉండిపోతాయి.

'లక్కీ భాస్కర్' 2024లో కొంత దగ్గరకొచ్చింది. లాభంలో ఉండగానే బల్ల దగ్గర్నుంచి లేచిపోయే హీరోని జనం చప్పట్లతో సాగనంపారు. కానీ ఆయన డబ్బు మూటతో లేచాడు, చప్పట్లు ఆ మూటకే పడ్డాయేమో!

నాకు చూడాలనున్న సీను ఇంకోటి. ఏ మూటా లేదు. చెట్టు కింద నలుగురు. ఒకతను ముక్కలు విప్పుతాడు, రెండు జోకర్లు. కెమెరా ముక్కల మీదినుంచి ముఖం మీదికి వస్తుంది. ఒక్క నిమిషం మాట లేదు, రీరికార్డింగ్ లేదు. ముక్కలు దగ్గరికి చేరుస్తాడు, బోర్లా పెడతాడు. పక్కవాడు కట్టలోంచి ముక్క తీస్తాడు. ఆ ముక్క ఏమిటో ప్రేక్షకుడికి చూపించకూడదు. ఏ నటుడు చేస్తాడో, ఏ నిర్మాత ఒప్పుకుంటాడో, మీకు తోస్తే రాయండి.